కోటు లేకుండా వచ్చినవాడు

బాస్టియన్ కాఫీ కుడిచేత్తో తాగుతున్నాడు.

ఆ ఆఫీసు గదిలో డిటెక్టివ్ ఆన్సెల్మ్ టుర్కోట్ కంటికి ఇంకేదీ ఆనలేదు. ఎదురుగా కూర్చున్న మనిషితో తొమ్మిదేళ్లు కాపురం చేశాడు. బాస్టియన్‌ది పుట్టు ఎడమచేతి వాటం. కుడిచేత్తో చెంచా తిప్పడం కూడా రాదు. అలాంటివాడు ఇవాళ కప్పు కుడిచేత్తో పట్టుకుని చొక్కా మీద ఒలకబోసుకుంటున్నాడు. కోటు తీశాడు, టోపీ తీశాడు, కుడిచేతి తొడుగు తీసి బల్ల మీద పడేశాడు. ఎడమచేతి తొడుగు మాత్రం తియ్యలేదు. గదిలో హీటరు వేడికి నుదుటి మీద చెమట కారుతున్నా తియ్యలేదు.

ఉంగరం, అనుకున్నాడు ఆన్సెల్మ్. ఆ పోలీసువాడు వేలికి ఉంగరం తొడిగాడు. అది నా కంట పడకూడదని దాస్తున్నాడు.

పైగా అవి మామూలు తొడుగులు కావు. ఎర్ర ఉన్ని మీద తెల్ల మంచుపూలు. ఆన్సెల్మ్ తల్లి కళ్లు కనపడని వయసులో, 'మా చిన్నోడికి చలెక్కువ' అంటూ బాస్టియన్ కోసం అల్లినవి. నా తల్లి అల్లిన ఉన్ని కింద ఇంకొకడి బంగారమా అనుకున్నాడు.

"ఈ కేసు వదిలెయ్యి, ఆన్సెల్మ్," అన్నాడు బాస్టియన్.

"వాడు పంపాడా నిన్ను?"

"నేనిక్కడికి వచ్చినట్టు సిల్వేన్‌కి తెలీదు."

"సిల్వేన్! ఎంత ముద్దుగా అంటున్నావో. మనం విడిపోయి ఏడు నెలలే, కలిసున్న తొమ్మిదేళ్లలో నా పేరు ఒక్కసారైనా అలా అన్నావా?"

"నువ్వు కేసు కోసం ఒప్పుకోలేదు. సిల్వేన్ మీద కక్షతో ఒప్పుకున్నావు. అందుకే వదలమంటున్నా."

అందులో సగం నిజమే కాబట్టి ఆన్సెల్మ్‌కి ఒళ్లు ఇంకా మండింది. కేసు చూడబోతే చిన్నది. నిన్న, శనివారం సాయంత్రం, టిజోన్ అనే మగడాన్సర్ల క్లబ్బులో జెరెమీ అనే డాన్సరు వెనకవైపు ఇనప మెట్ల మీంచి కిందపడ్డాడు. ఆస్పత్రిలో ఒంటి మీద తెలివి లేకుండా ఉన్నాడు. శనివారం వంతు ఎవరిదని అతనితో కొట్లాడిన ఇంకో డాన్సరు విల్నెర్‌ని, సార్జెంట్ సిల్వేన్ ప్రోనోవో ఆ సాయంత్రమే లోపలేశాడు. జెరెమీ పోతే అది హత్య అవుతుంది, విల్నెర్ బతుకు జైలుపాలవుతుంది. విల్నెర్ చెల్లెలు మిర్లాండ్ అదే ఆస్పత్రిలో నర్సు. ఆదివారం తెల్లారకుండానే ఆమె ఏడుస్తూ ఆన్సెల్మ్ తలుపు తట్టింది. అరెస్టు చేసింది ప్రోనోవో అని తెలియగానే, ఫీజు మాటైనా ఎత్తకుండా ఆన్సెల్మ్ సరేనన్నాడు.

"ఆ జెరెమీకి తెలివొచ్చిందా?" అడిగాడు బాస్టియన్, కప్పులోకి చూస్తూ.

"ఇంకా లేదు."

"ఏ గదిలో ఉంచారు? పూలు పంపుదామని. ఆ క్లబ్బుల గురించి రాసుకునే బతుకుతున్నాను కదా, నా పుస్తకం పట్టుకునే సగం మంది అక్కడికెళ్తారు. పూలైనా పంపకపోతే ఏం బాగుంటుంది?"

"నాలుగో అంతస్తు, పదకొండో గది."

బాస్టియన్ ఏదడిగినా ఇచ్చెయ్యడం ఆన్సెల్మ్‌కి తొమ్మిదేళ్ల అలవాటు. మనిషి పోయినా అలవాటు పోదు. బాస్టియన్ లేచి టోపీ పెట్టుకుని, ఒక్క చేత్తోనే కోటు వేసుకోబోయి అవస్థపడ్డాడు. ఆన్సెల్మ్ సాయం చెయ్యడానికి లేవలేదు. ఆ ఉంగరంవాడు వచ్చి తొడుగుతాడులే అనుకున్నాడు.

*

టిజోన్ మధ్యాహ్నం మూడింటికి తలుపులు తీస్తుంది. ఆన్సెల్మ్ రెండున్నరకే వెళ్లాడు. గుమ్మం దాటగానే కోట్లు దాచే గది, దాని అరుగు వెనక ఉగెత్. వెండిరంగు జుట్టు, నోట్లో పిప్పరమెంటు, ముప్పై ఏళ్ల సర్వీసు.

"కోటు ఇలా ఇవ్వు నాయనా."

"నేను వినోదానికి రాలేదమ్మా. పని మీద వచ్చా."

"పోప్ గారైనా సరే, నా గుమ్మంలో కోటు తియ్యాల్సిందే. ఇవ్వు."

చేసేది లేక ఇచ్చాడు. ఆమె దాన్ని తడిమి, కాలరు తిప్పి చూసి, కొక్కేనికి తగిలించింది.

"నిన్నటి సంగతి చెప్పండి. జెరెమీ పడ్డాక ఏ కోటైనా మిగిలిపోయిందా?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు. తీసుకున్న ప్రతి కోటూ ఎవరిది వాళ్లకి ఇచ్చేశా. నీ సార్జెంటు ఆ మాట వినగానే ఎగిరి గంతేసినంత పని చేశాడు."

"నా సార్జెంటు కాదు."

"ఎవరి సార్జెంటైతేనేం? ఆయన అన్న మాట బాగానే ఉంది మరి. వెనక తలుపు లోపల్నించే తెరుచుకుంటుంది, బయట్నించి రాదు. తోసినవాడు పారిపోవాలంటే మెట్లు దిగే పోవాలి. సున్నాకి కింద ఇరవై రెండు డిగ్రీల చలిలో కోటు వదిలేసి పరిగెత్తేవాడు ఈ ఊళ్లో పుట్టలేదు. కోటు మిగల్లేదంటే ఎవడూ పారిపోలేదన్నట్టే. ఇది ఇంటివాడి పనే అన్నాడు. పడ్డవాడి పక్కన విల్నెర్ మోకాళ్ల మీద కూచుని దొరికాడు, పట్టుకుపోయారు."

ఆన్సెల్మ్ తల ఊపాడు. ఆ లెక్కలో తప్పు అతనికీ కనపడలేదు. మాంట్రియల్‌లో పుట్టి పెరిగినవాడెవడికీ కనపడదు. ఇక్కడ ఇల్లు తగలబడుతున్నా ముందు కోటు వేసుకుని తర్వాత పరిగెడతారు. అయితే ఆ మాట అన్నది ప్రోనోవో. ప్రోనోవో నోట వచ్చిన మాట నిజం కావడం ఆన్సెల్మ్‌కి సుతరామూ ఇష్టం లేదు. ఆ ఇష్టం లేకపోవడమే అతని చేత ఇంకో ప్రశ్న అడిగించింది.

"అసలు కోటు లేకుండా లోపలికి వచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా?"

ఉగెత్ పిప్పరమెంటు నమలడం ఆపింది.

"ఒకడు వచ్చాడు. నాలుగున్నరప్పుడు. ఊదారంగు స్వెటరు, అంతే. వేసవి గాలిలా దూసుకుపోయాడు."

"ఎలా ఉంటాడు?"

"నాకేం తెలుసు?"

"మీ ముందు నుంచే కదా వెళ్లాడు!"

"చూడు నాయనా. నేను చూసేది కోటు. నీ కోటు ఎడమ మోచేయి అరిగింది, రెండో గుండీ వేరే దారంతో కుట్టారు, లోపలి జేబులో నీ చేతితొడుగులు ఉన్నాయి. నీ మొహం రేపు రోడ్డు మీద కనపడితే నువ్వెవరో నాకు తెలీదు. కోటు లేనివాడు నా లెక్కలో మనిషే కాడు."

"పోలీసులకి చెప్పారా ఈ సంగతి?"

"వాళ్లు కోట్ల గురించి అడిగారు, కోట్ల గురించి చెప్పా. అయినా అందులో వింతేముంది? టూరిస్టనుకున్నా. ఆ పసుపు పుస్తకం చదివొచ్చే పిచ్చోళ్లు అలాగే వస్తారు."

*

డాన్సర్ల గది పై అంతస్తులో ఉంది. అక్కడ ఎల్వా అనే డాన్సరు స్నానపు గౌను వేసుకుని, బఠాణీ సూపు తాగుతూ, ఒళ్లో ఆ పసుపు పుస్తకమే పెట్టుకుని కూర్చున్నాడు. బాస్టియన్ రాసిన గైడు. ఊరికి కొత్తగా వచ్చే మగవాళ్లని ఇష్టపడే మగవాళ్లకి ఏ క్లబ్బు ఎలాంటిది, ఏ స్టేషన్లో దిగాలి, ఎక్కడ ఎలా మసలుకోవాలి అన్నీ ఉంటాయి అందులో.

"రండి డిటెక్టివ్ గారూ, మా పవిత్ర గ్రంథం వింటారా?" అని ఎల్వా గొంతు సవరించుకుని పాస్టరులా రాగం తీశాడు. "వేదిక పక్కన కూర్చుంటే పక్క చూపులు చూడకు, అది ఆడేవాడికి అవమానం. మొదటి పాటకి బట్టలుంటాయి, రెండో పాటకి ఉండవు, తొందరపడకు. చిల్లర నాణేలు విసరకు, అతను పావురం కాదు. చాటు గదిలో ధర పాటకింత. పాటలు నువ్వే లెక్కపెట్టుకో, ముద్దొచ్చే కొద్దీ లెక్క తప్పుతుంది."

"కోటు సంగతి చదువు."

"ఓహో, అదా? చలికాలంలో కోటు గదిలోనే వదిలెయ్యి. బెర్రీ స్టేషను పైన బస అయితే లిఫ్టు దిగితే మెట్రోనే. ఒక్కటే స్టేషను. బోద్రీలో దిగి కదిలేబాట మీద నిలబడితే టిజోన్ గుమ్మం పక్కనే తేలతావు. చలి నీ చెవులు పట్టుకునేలోపు నువ్వు లోపలుంటావు."

ఆ చివరి వాక్యం బాస్టియన్‌ది కాదు. ఓ ఆదివారం పొద్దున, రొట్టె మీద మేపుల్ పాకం పోసుకుంటూ ఆన్సెల్మ్ అన్నది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అయినా వాళ్లిద్దరిలో ఎవరూ ఎప్పుడూ అలా వెళ్లలేదు. బాస్టియన్ ఉత్తరాల డబ్బా దాకా వెళ్లాలన్నా కోటు మీద శాలువా చుట్టుకునే రకం. వాక్యం మాత్రం పుస్తకంలో ఉండిపోయింది. కొత్త ముద్రణ మొదటి పేజీలో 'నా సిల్వేన్‌కి' అని అచ్చయింది. మాట ఒకడిది, అంకితం ఇంకొకడికి.

"జెరెమీ గురించి చెప్పు," అన్నాడు, పళ్లు బిగించి.

"మంచోడు. కొంచెం మెత్తన. శనివారాలు ఒకాయన వచ్చేవాడు. మేం ఆరు పాటల మనిషి అనేవాళ్లం. చాటు గదిలో వరసగా ఆరు పాటలు కొనేవాడు. బట్టలు విప్పొద్దనేవాడట, చెయ్యి పట్టుకుని కూర్చునేవాడట. అంతే. ఈ వృత్తిలో బట్టలు విప్పించేవాడితో బాధ లేదండీ. చెయ్యి పట్టుకునేవాడితోనే కొంపలు మునుగుతాయి."

"చూడ్డానికి ఎలా ఉంటాడు?"

ఎల్వా సూపులో చెంచా తిప్పాడు.

"నీ స్నేహితుడు విల్నెర్ లోపలున్నాడు, తమ్ముడూ. దాచే సమయమా ఇది?"

"మా దగ్గర ఒక కట్టుబాటుంది. లోపల చూసినవాణ్ని బయట గుర్తుపట్టకూడదు. ఎవడైనా సరే, పెళ్లాంతో ఎదురుపడినా, పిల్లాణ్నెత్తుకుని ఎదురుపడినా, తల తిప్పుకుని పోవాలి. అది తప్పితే మాకు రేపట్నుంచి తిండి ఉండదు. నిన్న సాయంత్రం ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి బ్యాడ్జి చూపించి. మా అందర్నీ వరసగా నిలబెట్టి ప్రశ్నలేశాడు. మేమెవ్వరం గుర్తుపట్టలేదు. ఆయన కూడా మమ్మల్ని ఎప్పుడూ చూడనట్టే ఉన్నాడు."

బ్యాడ్జి పట్టుకుని వచ్చింది ప్రోనోవో. ఆన్సెల్మ్‌కి కలిగింది కోపం కాదు, ఆనందం. అదీ పైకి చెప్పుకోలేని, కుళ్లు ఆనందం. బాస్టియన్‌ని నా ఇంట్లోంచి ఎత్తుకుపోయినవాడు, ఉంగరం తొడిగినవాడు, ప్రతి శనివారం ఇక్కడికొచ్చి డబ్బిచ్చి ఇంకొకడి చెయ్యి పట్టుకుంటున్నాడా!

"నిన్న కూడా ఆరు పాటలు కొన్నాడా?"

"లేదు. డ్యూటీ ఉంది, రానని ఫోన్ చేశాడట. జెరెమీ పొద్దుట్నుంచీ చిన్నబుచ్చుకునే ఉన్నాడు."

డ్యూటీ ఉందన్న ముక్క ఆన్సెల్మ్ ఒక చెవితో విని రెండో చెవితో వదిలేశాడు. పోలీసు డ్యూటీ రబ్బరు లాంటిది, ఎంత సాగదీస్తే అంత సాగుతుంది. పదహారేళ్లు తనూ అదే ఉద్యోగం చేశాడు. ప్రోనోవో పక్క సీట్లోనే చేశాడు. మిగతాదంతా గుండీ కాజాలో పట్టినట్టు సరిపోయింది. ప్రోనోవో ఇప్పుడు ఉండేది ఎక్కడ? బెర్రీ స్టేషను పైన, బాస్టియన్‌తో కలిసి, పదిహేనో అంతస్తులో. కోటు వేసుకోకుండా లిఫ్టు దిగాడు, మెట్రో ఎక్కాడు, ఉగెత్ కళ్లు కప్పి లోపలికొచ్చాడు, జెరెమీతో గొడవపడ్డాడు, తోశాడు, మెట్లు దిగి వచ్చిన మెట్రోలోనే పోయాడు. గంట తర్వాత బ్యాడ్జి పెట్టుకుని విచారణకు దిగాడు. కోటు మిగల్లేదు కాబట్టి ఎవడూ పారిపోలేదట! ఎంత చక్కటి లెక్క.

బాస్టియన్ సూట్‌కేసు పట్టుకుని తన గుమ్మంలో నిలబడినట్టు ఆన్సెల్మ్‌కి అప్పుడే కళ్లకు కట్టింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. ఆ క్షణాన అతనికి లోకమంతా ప్రోనోవోలాగే కనపడింది.

"వెనక మెట్లు ఎటు?"

*

తలుపు కడ్డీ నెట్టి బయట అడుగు పెట్టగానే చలి చెంప మీద కొట్టింది. కోటు ఉగెత్ దగ్గర ఉందని అప్పుడు గుర్తొచ్చింది. వెనక తలుపు మూసుకోకుండా సందులో పుస్తకం అడ్డం పెట్టాడు. పసుపు పుస్తకమే, ఎల్వా ఒళ్లోంచి లాక్కున్నది.

సుడి తిరిగిన ఇనప మెట్లు రెండంతస్తులు దిగి సందులోకి పోతాయి. పొద్దుట కురిసిన మంచు మెట్ల మీద పేరుకుని ఉంది. రెండో మలుపు దగ్గర ఎవరో వంగి కూర్చున్నారు. చేతిలో కెటిల్. కమ్మీ మీద ధారగా వేడినీళ్లు పోస్తున్నాడు. ఆవిరి లేస్తోంది.

సార్జెంట్ ప్రోనోవో.

"సార్జెంట్లు ఎప్పట్నుంచి మెట్లు కడుగుతున్నారు?" అన్నాడు ఆన్సెల్మ్.

ప్రోనోవో ఉలిక్కిపడ్డాడు. నీళ్లు బూట్ల మీద పడ్డాయి. "జారి పడతారని మంచు కరిగిస్తున్నా. నువ్వేంటి ఇక్కడ? ఇది నేరం జరిగిన చోటు. నడు."

"మంచు మెట్ల మీదుంది, నువ్వు కమ్మీ కడుగుతున్నావు."

"నీకు చెప్పాల్సిన పని లేదు. నీ చేతిలో ఇప్పుడు బ్యాడ్జి లేదు, టుర్కోట్."

"నిజమే. నా చేతిలో ఉన్నవి చాలావరకు నీ దగ్గరికే చేరాయి."

ఆన్సెల్మ్ మెట్లు దిగసాగాడు. మొదటి మలుపులో కాలు జారింది. అసంకల్పితంగా చెయ్యి కమ్మీ వైపు వెళ్లి, అంగుళం దూరంలో ఆగిపోయింది. వట్టి చెయ్యి. ఈ చలిలో వట్టి చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అతుక్కుపోతుందని ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లాడికీ, ఒకసారి నాలుక తగిలించి ఏడ్చాక, తెలుసు. తన తొడుగులేవి? కోటు జేబులో ఉన్నాయి. కోటేది? ఉగెత్ దగ్గరుంది.

కోటు లేకపోతే తొడుగులూ ఉండవు. తొడుగులు లేనివాడు, భయంతో ఈ మెట్లు దిగేవాడు, చెయ్యి ఆపుకోగలడా?

అతను గబగబా దిగి ప్రోనోవోని భుజంతో పక్కకి తోశాడు. కెటిల్ నీళ్లు ఇంకా చేరని చోట, కమ్మీ అడుగున, అరచేతిలో సగమంత చర్మం పొర గడ్డకట్టి అతుక్కుని ఉంది. దాని అంచున నల్లబడిన రక్తం. మెట్లు ఎవడూ దిగలేదని తేల్చేశారు కాబట్టి ఎవడూ కమ్మీ వెతకలేదు.

"దీన్నేనా కరిగిస్తున్నావు, ఆరు పాటల మనిషీ?"

ప్రోనోవో లేచి నిలబడ్డాడు. "ఎవరు చెప్పారు?"

"చెప్పినవాడి పేరు నీకెందుకు? ప్రతి శనివారం! ఇంట్లో అలాంటి మనిషిని పెట్టుకుని, సిగ్గు లేకుండా ఇక్కడికొచ్చి ఇంకొకడి చెయ్యి పట్టుకుంటావా? తొమ్మిదేళ్లు నేను గాజుబొమ్మలా చూసుకున్న మనిషిరా అతను!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను. తొడుగులు తియ్యి. నీ చేతులు చూపించు."

"టుర్కోట్..."

"చూపించు!"

ప్రోనోవో కెటిల్ మెట్టు మీద పెట్టాడు. తోలు తొడుగులు ఒకటొకటిగా లాగి రెండు అరచేతులూ చాపాడు. గీత కూడా చెదరలేదు. పొక్కు లేదు, గీరుడు లేదు.

"నిన్న మూడింటి నుంచి ఆరింటి దాకా స్టేషన్లో నలుగురి మధ్య ఉన్నా. కనుక్కో కావాలంటే. ఫోను వచ్చాకే ఇక్కడికొచ్చా."

ఆన్సెల్మ్ ఆ అరచేతుల వంక చూస్తూ ఉండిపోయాడు. ఇంత కష్టపడి కట్టుకున్న ఆనందమంతా కూలిపోయింది. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి.

"నువ్వు కాదు. మరెవరి కోసం కడుగుతున్నావు?"

ప్రోనోవో తొడుగులు మళ్లీ వేసుకోవడం కూడా మర్చిపోయాడు. కమ్మీ వైపే చూస్తూ అన్నాడు.

"రాత్రి నేనింటికెళ్లేసరికి చేతికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. కెటిల్లో వేడినీళ్లు పడ్డాయన్నాడు. నేనూ నమ్మాను. పొద్దున ఇక్కడికొచ్చి ఇది చూశా."

ఎర్ర ఉన్ని, తెల్ల మంచుపూలు. ఒలికిన కాఫీ. ఒక్క చేత్తో కోటు తొడుక్కోలేక పడ్డ అవస్థ. ఆ తొడుగు కింద ఉంగరం లేదు.

"ఏ చెయ్యి?" అన్నాడు ఆన్సెల్మ్, తెలిసి కూడా.

"ఎడమది."

ఇద్దరూ కాసేపు ఆ చర్మం ముక్కకి చెరోపక్క నిలబడ్డారు, చనిపోయిన చుట్టం దగ్గర నిలబడ్డట్టు.

"జెరెమీ సంగతి అతనికెలా తెలిసింది?"

"శనివారాలు నేను స్నానం చేసి ఇంటికొచ్చేవాణ్ని. డ్యూటీ నుంచి వచ్చేవాడు తల తడుపుకుని రాడు కదా. ఏడుస్తూ అడిగాడు, అబద్ధమాడాను. ఈ క్లబ్బులన్నీ ఎరిగినవాడు, జెరెమీ సంగతి కనుక్కోడం అతనికెంతసేపు? నిన్న నన్నిక్కడ పట్టుకుందామని వచ్చి ఉంటాడు. నేను రాలేదు, జెరెమీ దొరికాడు. కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తాడంటే ఎంత రగిలిపోయాడో చూడు." ప్రోనోవో తలెత్తాడు. "నీతో ఉన్నప్పుడూ ఇంతేనా? ఇంత కోపమా?"

ఆ ప్రశ్న వేడినీళ్ల కంటే ఎక్కువ కాల్చింది. తొమ్మిదేళ్లలో ఆన్సెల్మ్ కావాలనే ఆలస్యంగా ఇంటికెళ్లిన రోజులున్నాయి. ఎవరిదో అత్తరు మెడకి రాసుకుని వెళ్లిన రోజులున్నాయి. ఒక్కసారి అడుగుతాడేమో, ఒక్క కప్పు పగలగొడతాడేమో అని. బాస్టియన్ ఆవలించి, సూపు వేడి చెయ్యనా అని అడిగేవాడు. ఉత్తరాల డబ్బా దాకా శాలువా లేకుండా వెళ్లనివాడు ఈ ప్రోనోవో కోసం ఇరవై రెండు డిగ్రీల చలిలోకి స్వెటరుతో దూకాడు. అరచెయ్యి ఇనుముకి వదిలేసి పోయాడు. ఇక్కడొక మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు, ఇంకొకడు జైల్లో ఉన్నాడు, అయినా ఆన్సెల్మ్‌కి ముందు కలిగింది జాలి కాదు. ఆ చర్మం ముక్క మీద కూడా అసూయే కలిగింది. అది తన కోసం ఊడింది కాదని.

"లేదు," అన్నాడు. "నా కోసం ఎప్పుడూ ఇంత చెయ్యలేదు."

"కెటిల్లో ఇంకా వేడుంది." ప్రోనోవో గొంతు గుసగుసకి దిగింది. "నువ్వు అటు తిరిగితే చాలు. నీకూ అతనంటే..."

"విల్నెర్ సంగతేంటి?"

"సాక్ష్యం లేదు. కొన్ని వారాల్లో వదిలేస్తారు."

"జెరెమీ పోతే?"

ప్రోనోవో కెటిల్ వైపు చూశాడు.

"గది దగ్గర కాపలా ఉన్నాడా?"

"పొద్దునే తీసేశారు. దోషి లోపలుండగా కాపలా ఎందుకని పైవాళ్లడిగితే ఏం చెప్పమంటావు?"

ఆన్సెల్మ్ వంగి కెటిల్ అందుకున్నాడు. హేండిల్ వెచ్చగా తగిలింది. ఒక్క ధార పోస్తే అయిపోతుంది. బాస్టియన్ బతికిపోతాడు, జీవితాంతం తనకి రుణపడి ఉంటాడు, ఎవరికి తెలుసు, తిరిగి కూడా రావచ్చు. చెయ్యి అటు వంగింది కూడా.

జేబులో ఫోన్ మోగింది. మిర్లాండ్.

"సార్! జెరెమీ కళ్లు తెరిచాడు!" ఆమె పరిగెడుతూ మాట్లాడుతోంది. "నా వార్డు కాకపోయినా గంటగంటకీ వెళ్లి చూస్తున్నా కదా, ఇప్పుడే తెరిచాడు. మా అన్న తొయ్యలేదని వాడి నోటితో వాడే చెప్తాడు సార్, దేవుడున్నాడు! డాక్టరు కోసం కిందికొచ్చా."

"గదిలో ఇప్పుడెవరున్నారు?"

"ఒంటరిగా ఏం లేడు సార్, వాళ్ల అన్నయ్య వచ్చాడు. పూలు పట్టుకుని. మంచోడు పాపం, నువ్వెళ్లమ్మా, నేను చూసుకుంటా అని నన్ను పంపించాడు. లోపల అంత వేడిగా ఉన్నా ఒక చేతికి ఎర్ర తొడుగు తియ్యలేదు..."

"వెనక్కి పో మిర్లాండ్! ఆ గదిలోకి పరిగెత్తు! అరువు, అందర్నీ పిలువు!"

"ఏమైంది?" ప్రోనోవో అతని భుజం పట్టుకుని ఊపాడు. "ఎవరున్నారు అక్కడ? గది నంబరు అతనికెవరిచ్చారు?"

"నేనే."

ఆన్సెల్మ్ కెటిల్ తిప్పి నీళ్లన్నీ సందులోకి పారబోశాడు. కమ్మీ మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ మెట్లు దిగి, మంచులో పడుతూ లేస్తూ, ఆస్పత్రికి మెట్రో కోసం బోద్రీ స్టేషను వైపు పరిగెత్తారు.

ఆ ఆదివారం టిజోన్ మూసే వేళకి ఉగెత్ కొక్కేనికి ఒక కోటు మిగిలిపోయింది. ఎడమ మోచేయి అరిగినది.